లిల్లీ మొహం జోలికెళ్లొద్దంది మా ఆవిడ

ముందు టీ చెప్పండి. అల్లం కాస్త ఎక్కువ వేయమనండి. ఆ తర్వాత నా మొహంకేసి అలా గుడ్లప్పగించి చూడటం ఆపండి, అంతా నేనే చెప్తాను. ఎలాగూ సాయంత్రానికి మామిడి మార్కెట్టంతా పాకిపోతుంది. నా నోటితో నేను చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది కదా! ఉండదా? సరే, ఉండదులెండి.

మా ఇంట్లో లిల్లీ అని ఒకావిడ ఉంది. కంగారు పడకండి, బొమ్మ. బూరె బుగ్గల పాపాయి బొమ్మ కాదు, ఫ్యాషన్ బొమ్మ. జానెడు పైచిలుకు పొడుగు, చీమ నడుం, బంగారు రంగు జుట్టు. హైహీల్స్ వేసుకోవడానికని పుట్టుకతోనే మునివేళ్ల మీద నిలబడ్డ పాదాలు. ఆ హీల్స్ ఎప్పుడో పోయాయి, ఆవిడ మాత్రం అలాగే నిలబడి ఉంది.

మా ఆవిడ భారతి, మా మరదలు ఉష చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, ఓడలో పనిచేసే వాళ్ల మేనమామ ఏదో దేశం నుంచి తెచ్చాడట. ఇద్దరు ఆడపిల్లలున్న ఇంటికి ఒక్క బొమ్మ! ఆ మహానుభావుడు బొమ్మనిచ్చి మళ్లీ ఓడెక్కేశాడు. గొడవ మాత్రం ఇక్కడ వదిలేశాడు. అప్పట్లో వాళ్లమ్మ చెప్పిన తీర్పు, వారం అక్కకి, వారం చెల్లికి అని. పెళ్లిళ్లయ్యాక అదే ఏడాది అక్కకి, ఏడాది చెల్లికి అయింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, అక్కాచెల్లెళ్లిద్దరికీ కళ్లజోళ్లొచ్చాయి, ఒప్పందం మాత్రం చెక్కు చెదర్లేదు.

చేతులు మారే రోజు కూడా ఒకటుంది. ఏటా ఆవకాయ మా ఇంట్లోనే పెడతారు, తోట మాది కాబట్టి. ఉష మైలవరం నుంచి వస్తుంది. ఆవకాయ కలిపి, జాడీల మూతికి గుడ్డతో వాసెన కట్టి, అప్పుడు లిల్లీకి బొట్టు పెట్టి, ఆడపిల్లని అత్తారింటికి సాగనంపినట్టు సాగనంపుతారు. ఈ ఏడాది మా ఇంటి నుంచి వెళ్లాల్సిన వంతు.

క్రితంసారి మా వంతున లిల్లీని ఇచ్చినప్పుడు ఉష ఓ మాట అంది. "అక్కా, నీ దగ్గర ఏడాది ఉండేసరికి దీని జుట్టు కొబ్బరిపీచు అయిపోయిందే. ఒళ్లంతా జిడ్డు. మళ్లీ ఇలాగే ఇచ్చావంటే ఇంక నీకు తిరిగివ్వను. నా దగ్గరే ఉంచేసుకుంటాను." నవ్వుతూనే అంది. కానీ ఉష నవ్వుతూ అన్నవన్నీ చేసి చూపించిన మనిషి.

అందుకని ఈసారి భారతి బెంగపెట్టుకుంది. పోయిన వారం బీరువాలోంచి లిల్లీని తీసి చూసింది. జుట్టు నిజంగానే చిక్కులు పడి ఉండ కట్టింది. చెవుల దగ్గర కమ్మల చిలుము దిగి పచ్చటి మచ్చలు. ఒంటి మీద జిడ్డు. అన్నిటికీ మించి పై పెదవి మీద బాల్‌పెన్నుతో గీసిన పెద్ద మీసం! ఆ మీసం నా పెళ్లినాటికే ఉంది. ఏ కోతి వెధవో చిన్నప్పుడు గీసుంటాడని నేనే అనుకుని వదిలేశాను. ఎప్పుడూ అడగలేదు.

"చింతలపూడిలో మా పెద్దమ్మ మనవరాలి నిశ్చితార్థానికి వెళ్లాలి. శనివారం సాయంత్రానికి గానీ రాను. ఆదివారం పొద్దున్నే ఉష దిగుతుంది. దీన్ని ఎప్పుడు శుభ్రం చెయ్యను?" అంది భారతి దిగులుగా.

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. చాలామంది మగవాళ్లు అలాంటప్పుడు పేపరు చదువుకుంటారు. నేను అన్నాను కదా, "నేనున్నాగా! ఇదేమన్నా బ్రహ్మవిద్యా? యూట్యూబులో సవాలక్ష వీడియోలుంటాయి."

భారతి నా వైపు అనుమానంగా చూసింది. "జుట్టు చిక్కు తీసి, ఒళ్లు సబ్బుతో తుడవండి, చాలు. మొహం జోలికి మాత్రం వెళ్లకండి," అంది.

సరిగ్గా అప్పుడే ఉష ఫోన్ చేసింది. భారతి స్పీకర్ ఆన్ చేసింది. "లిల్లీని బావగారు బాగు చేస్తారట," అనగానే అటు నుంచి పకపకా నవ్వు. ఆ నవ్వు నాకు ఇక్కడ గుచ్చుకుందండీ. వెంటనే మీసం మీద చెయ్యేసి, "ఇదిగో అమ్మాయ్, ఆదివారం నాటికి లిల్లీ కొత్త పెళ్లికూతురిలా మెరవకపోతే నా మీసం తీసేస్తాను!" అన్నాను.

"మాట మీదుండాలి బావగారూ!" అంది ఉష.

"మా ఇంటావంటా మాట తప్పడం లేదమ్మా," అన్నాను. ఏం డైలాగండీ అది! ఎవరు రాసిచ్చారో నాకు.

నా మీసం సంగతి మీకు తెలియనిది కాదు. మా నాన్న మీసం ఎలా ఉండేదో అచ్చం అలాగే. వారానికోసారి రంగేసి, పొద్దున్నే చివర్లు మెలేసి గానీ ఇంట్లోంచి అడుగు బయట పెట్టేవాణ్ణి కాదు. అలాంటి మీసాన్ని ఒక బొమ్మ మీద పందెం కాశాను. బుద్ధిమంతుణ్ణి.

భారతి బస్సెక్కగానే పని మొదలెట్టాను. వీడియోలో ఒక ఫారిన్ ఆవిడ, చేతులకి గ్లోవ్స్, మెత్తటి గొంతు, ఆపరేషన్ చేస్తున్నట్టే చేస్తోంది. ఇంగ్లీషు నాకు సగం అర్థమైంది. మిగతా సగం అనుభవంతో నింపుకున్నాను. ఏ అనుభవం అంటారా? మామిడికాయల అనుభవం.

నిజం చెప్పాలంటే జుట్టు పని అద్భుతంగా కుదిరింది. షాంపూ పెట్టి, కండిషనర్ పట్టించి, చివర్ల నుంచి పైకి కొంచెం కొంచెంగా దువ్వి, పైనుంచి వేణ్ణీళ్లు పోస్తే ఆ ఉండ కాస్తా పట్టుకుచ్చులా జారింది. సబ్బుతో రుద్దితే ఒళ్లు తళతళలాడింది. అక్కడ ఆపేసి ఉంటే ఈ రోజు ఈ టీకి నేనే డబ్బులిచ్చేవాణ్ణి.

కానీ ఒకసారి చెయ్యి తిరిగాక ఆగుతుందా? లిల్లీని బల్ల మీద నిలబెట్టి చూశాను. అంత చక్కటి జుట్టు, అంత శుభ్రమైన ఒళ్లు, ఆ మీసమేంటండీ అసహ్యంగా! పెళ్లికూతురికి మీసమేంటి? మొహం ముట్టుకోవద్దని ఎందుకంది భారతి? నాకు చేతకాదని. చేతనవుతుందని చూపిస్తే సరి. చూశారా, ఎంత చక్కటి లాజిక్కో!

భారతి డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులో నెయిల్ పాలిష్ రిమూవర్ ఉంది. గోళ్ల రంగే పోగొట్టేది, పెన్ను గీత ఒక లెక్కా? దూదితో కాస్త గట్టిగానే తుడిచాను. దూది ఎర్రగా వచ్చింది. మీసం నీలం కదా, ఎరుపెక్కడిదా అని చూద్దును కదా, పెదాలు పోయాయి. మీసం అలాగే ఉంది! ఇసుమంత కూడా చెదరకుండా, ఇంకా ఠీవిగా, పెదాలు లేని మొహం మీద అదొక్కటే కనిపిస్తోంది.

మళ్లీ ఫారిన్ ఆవిడ శరణుజొచ్చాను. పెన్ను మరకలకీ, చెవుల దగ్గర పచ్చ మచ్చలకీ ఒకటే మందట. మొటిమల ఆయింట్‌మెంట్. మచ్చ మీద రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టి, ఎండ తగిలే చోట పెట్టాలట. మెడికల్ షాపుకి పరిగెత్తాను.

"ఈ వయసులో మీకెందుకండీ?" అన్నాడు షాపాయన.

"నాకు కాదండీ, మా లిల్లీకి."

"లిల్లీ ఎవరండీ?"

"బొమ్మండీ."

ఆయన ఆయింట్‌మెంట్ ఇచ్చేసి, పక్కనున్న మనిషికి కళ్లతో సైగ చేశాడు. నేను చూడలేదనుకున్నాడు పాపం.

ఇక్కడే నా అనుభవం పనికొచ్చింది. ఆ ఫారిన్ ఆవిడ మచ్చ ఉన్న చోట మాత్రమే అగ్గిపుల్ల చివరంత రాసింది. ఎంత పిసినారి మనిషో అనుకున్నాను. మన తోటకి మందు కొట్టేటప్పుడు పురుగున్న కొమ్మ ఒక్కదానికే కొడతామా? చెట్టంతా తడవద్దూ! అందుకని మొహం అంతా పులిమాను. మెడకి, చేతులకి కూడా పట్టించాను, ట్యూబులో మిగిలిపోతే వేస్ట్ కదా అని. ముందువైపంతా మందు కొట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టి, మేడ మీద రేకు పరిచి, వెల్లకిలా పడుకోబెట్టాను.

వీడియోలో ఆవిడ కిటికీ పక్కన వారం రోజులుంచింది. అదీ, దుప్పటి కప్పుకుని బయటికొచ్చే దేశంలో కిటికీ పక్కన! నేను పెట్టింది ఎక్కడ? నూజివీడులో మేడ మీద, కాలిన రేకు మీద. ఎప్పుడు? రోహిణి కార్తెలో! రోళ్లు పగిలే ఎండలండీ. కాపు ఆలస్యమై ఈసారి ఆవకాయ అప్పటిదాకా జరిగింది. గంటసేపుంచి తీసేద్దామనే అనుకున్నాను. అంత బుద్ధి నాకూ ఉంది.

ఈలోగా తోట నుంచి ఫోను. లారీ వచ్చేసిందట, లోడింగుకి మనుషులు చాలట్లేదట. బండేసుకుని వెళ్లిపోయాను. అక్కడ నేను చేసిన ఘనకార్యం వినండి. షెడ్డులో గడ్డి పరిచి మాగేసిన రసాలు చూసి పనివాళ్ల మీద కేకలేశాను. "పొద్దుట్నుంచి ఒక్కళ్లైనా కాయ తిరగేశారా? ఒక పక్కే పండుతుందిరా! ఎన్నిసార్లు చెప్పాలి, తిరగెయ్యండి, తిరగెయ్యండి అని!" గొంతు పోయేలా అరిచాను. లారీ కదిలేసరికి పొద్దుపోయింది. ఇంటికొచ్చి, తిని, పడుకున్నాను. లిల్లీ గుర్తుకొస్తే ఒట్టు.

మర్నాడు కూడా లారీయే. శనివారం మధ్యాహ్నం అన్నం తింటూంటే, మాగిన రసం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. అప్పుడు గుర్తొచ్చిందండీ! రసం పళ్లెంలో పడేసి మేడ మెట్లెక్కాను.

ప్లాస్టిక్ విప్పాను. మీసం పోయింది! దేవుడి మీద ఒట్టు, జాడ కూడా లేదు. నా ఆనందం ఒక నిమిషం ఉంది. తర్వాత మిగతాది చూశాను. మీసంతో పాటు రంగు కూడా పోయింది. మొహం, మెడ, చేతులు సున్నం కొట్టిన గోడలా తెల్లగా పాలిపోయాయి. తిప్పి చూస్తే వెనకవైపు ఎప్పటి రంగే, చక్కగా ఉంది. ముందు నుంచి చూస్తే ఒక మనిషి, వెనక నుంచి చూస్తే ఇంకో మనిషి. ఆ వేడికి కుడిచెయ్యి మెత్తబడి, ముడుచుకున్న ప్లాస్టిక్ లాగితే పైకి లేచి, మొహం వైపుకి వంగి అలాగే బిగుసుకుపోయింది. రసాల్ని తిరగెయ్యమని ఊరంతా వినపడేలా అరిచినవాణ్ణి, బొమ్మని తిరగెయ్యలేదు.

ఊరుకుంటానా? రిపేరుకి రిపేరు మొదలెట్టాను. తెల్లబడిన చోట టీ డికాక్షన్ పట్టిస్తే చామనఛాయ వస్తుందనుకున్నాను. మొహం మడ్డిగా తయారైంది. దానికి విరుగుడుగా పసుపు రాశాను. పసుపు మాత్రం బ్రహ్మాండంగా పట్టింది, ఇంక కడిగినా పోదు. పెదాలు లేవు కదా, కాయల పెట్టెల మీద తోట గుర్తు వేసే ఎర్ర మార్కర్ ఉంటే దానితో దిద్దాను. మార్కర్ మొన ఎంత ఉంటుందో మీకు తెలుసు. లిల్లీ మూతి ఎంత ఉంటుందో నేను చెప్పాను. కొత్త పెళ్లికూతురన్నానా? పసుపు మాత్రం కుదిరింది.

గేటు చప్పుడైంది. భారతి! గబగబా ఒక మామిడిపళ్ల అట్టపెట్టె తీసి, గడ్డి పరిచి, లిల్లీని పడుకోబెట్టి, మూతకి టేపేశాను.

"అయిందా? చూపించండి," అంది భారతి చెప్పులు విప్పుతూనే.

"రేపు మీ చెల్లి ముందే తెరవాలి. సర్‌ప్రైజ్!" అన్నాను. ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు, మీరే చెప్పండి.

పాపం, భారతి నమ్మింది. "మీరు చేస్తారనుకోలేదు," అంది. ఆ పూట చాలా సంతోషంగా ఉంది. నేను ఆ పెట్టె వైపు చూడకుండా అన్నం తిన్నాను.

ఆదివారం ఉష వచ్చింది. ముక్కలు కొట్టడం, తడి తుడవడం, ఆవపిండి, కారం, ఉప్పు కలపడం, నూనె పొయ్యడం. ఎప్పుడూ ఆ గొడవ పడలేక తోటకి పారిపోయేవాణ్ణి. ఆ రోజు మాత్రం పిలవకుండానే వెళ్లి వాళ్లతో కూర్చుని ముక్కలు తుడిచాను. ఒక్కో ముక్కనీ చంటిపిల్లాడి మూతి తుడిచినంత మెల్లగా తుడిచాను. ఎంత మెల్లగా తుడిచినా ముక్కలు అయిపోతాయి కదండీ. జాడీలకి గుడ్డలు కట్టేశారు. ఉష చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"తియ్యండి బావగారూ మీ పెళ్లికూతుర్ని."

"అక్కర్లేదమ్మా, అలాగే పట్టుకెళ్లు. ఇంటికెళ్లి తీరిగ్గా..." అంటుండగానే భారతి టేపు లాగేసింది.

గడ్డిలో లిల్లీ. పసుపు మొహం, ముక్కు కిందంతా ఎరుపు, పైకి లేచిన చెయ్యి. ఉష వంగి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"మీసం ఏది?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చిందండీ! అన్ని దరిద్రాల మధ్యా నేను సాధించింది ఒకటుందని గుర్తించింది మహాతల్లి. "పోగొట్టేశాను!" అన్నాను ఛాతీ విరుచుకుని. "ఎంత మొండిదనుకున్నావ్! కానీ ఇప్పుడు జాడ కూడా లేదు."

భారతి నా వైపు చూడలేదు. లిల్లీని చేతిలోకి తీసుకుని, పై పెదవి మీద వేలితో రాసింది. "అది నాన్న గీసిందండీ," అంది మెల్లగా.

చిన్నప్పుడు ఒకరోజు ఇద్దరూ లిల్లీ కోసం జుట్లు పట్టుకున్నారట. ఎంత చెప్పినా వినకపోతే మా మావగారు జేబులోంచి పెన్ను తీసి లిల్లీకి మీసం గీసేసి, "ఇదిగో, ఇప్పుడిది మగపిల్లాడు. మగపిల్లాడి కోసం మీరిద్దరూ కొట్టుకుంటే ఊళ్లో వాళ్లు నవ్వుతారు," అన్నారట. పిల్లలిద్దరూ ఏడుపు మానేసి పొట్టలు పట్టుకుని నవ్వారట. ఆయన పోయాక లిల్లీని ఇచ్చిపుచ్చుకోవడం ఆ మీసం కోసమేనట. ఇద్దరూ ఆ మొహాన్ని ఒక్కసారి కూడా సబ్బు పెట్టి కడగలేదట.

నాకు నిజంగా సిగ్గేసిందండీ. జోకు కాదు. ఇన్నేళ్లలో ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. అడగకుండా, ఆయింట్‌మెంట్ పూసి, ఎండలో పెట్టి, పోగొట్టానని ఛాతీ విరుచుకున్నాను. "తప్పయిపోయింది భారతీ," అన్నాను.

కాసేపటికి ఉష ముక్కు ఎగబీల్చింది. తర్వాత లిల్లీ వైపు చూసి, "అక్కా, దీని అవతారం చూడవే!" అని ఫక్కున నవ్వింది. భారతికీ నవ్వొచ్చింది. ఇద్దరూ ఏడుస్తూ నవ్వడం మొదలెట్టారు. హమ్మయ్య, గండం గడిచిందనుకుని మెల్లగా లేవబోయాను.

"మొహం ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అంది భారతి.

"చెప్పింది కదా బావగారూ!" అంది ఉష.

"నా రిమూవర్ కూడా అయిపోగొట్టారు!"

"పసుపెందుకు రాశారు అసలు? ఎవరన్నా రాస్తారా?"

ఒకరు ఆపితే ఒకరు అందుకున్నారు. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాను, లిల్లీ విషయంలో ఆ అక్కాచెల్లెళ్లు ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఎవరి దగ్గరుండాలన్న పేచీయే లేదు. "వచ్చే ఏడాది నువ్వే తీసుకో అక్కా, కానీ బావగారి చేతికి తగలనివ్వకు," అంది ఉష. పక్కింటి రెండేళ్ల పిల్ల ఆడుకోవచ్చట. నేను ముట్టుకోకూడదట. తీర్మానం పాసైపోయింది.

ఉష హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కనుబొమలు దిద్దుకునే పెన్సిల్ తీసింది. కుడివైపు మీసం అక్క గీసింది, ఎడమవైపు చెల్లెలు గీసింది. వాళ్ల నాన్న గీసినంత బాగా రాలేదు. అయినా ఇద్దరూ చాలాసేపు చూసుకున్నారు.

తర్వాత ఇద్దరూ ఒకేసారి తలెత్తి నా మూతి వైపు చూశారు.

"బావగారూ, మొన్న ఫోన్లో ఏదో అన్నారు?" అంది ఉష.

"ఇంటావంటా లేదన్నారు," గుర్తు చేసింది భారతి.

ఏం చేస్తామండీ! బాత్రూమ్‌లో అద్దం ముందు నిలబడి, మా నాన్నకి మనసులో దణ్ణం పెట్టుకుని, రేజర్ ఎత్తాను. బయటికొస్తే సొంత పెళ్లాం, "ఎవరండీ మీరు, కాయలకొచ్చారా?" అంది.

సాయంత్రం ఉషని బస్సెక్కించడానికి స్టాండుకెళ్లాం. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది. ఉష లిల్లీని కిటికీ దగ్గరికెత్తి, "బావగారికి టాటా చెప్పు," అంది. ఎండకి వంగిపోయిన ఆ చెయ్యి టాటా చెప్పలేదు. సరిగ్గా వెళ్లి మూతి దగ్గర ఆగింది. మీసం మెలేస్తోందండీ నన్ను చూసి!

నేను తగ్గుతానా? అలవాటు కొద్దీ నా చెయ్యీ పైకి లేచింది. బస్టాండంతా చూస్తుండగా మూతి మీద అటు తడిమాను, ఇటు తడిమాను. ఏముందండీ అక్కడ, మెలెయ్యడానికి!